మీరడిగారు: టోక్యోలో మూడు రోజులు, ముప్పై పనులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఊరి మీద ఉన్నాయి. సంస్థలన్నీ కూడబలుక్కుని తమ మనుషులను టోక్యో సదస్సులకు పంపుతున్నట్టుంది. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీ మొత్తం ఆ ఊరికే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా సంస్థ తరఫున టోక్యోలో జరిగే సదస్సుకు మొదటిసారి ఒంటరిగా వెళుతున్నాను. సోమవారం ఉదయం 8 గంటలకు నరిటా విమానాశ్రయంలో దిగుతాను. అదే రోజు మధ్యాహ్నం 2 గంటలకు టోక్యో బిగ్ సైట్‌లో నా ప్రజెంటేషన్. హోటల్ షింజుకులో తీసుకున్నారు. అది చాలా దూరమని, మార్చుకోమని స్నేహితులు అంటున్నారు. మంగళవారం 10 గంటలకు మరునౌచిలో ఒక సమావేశం, 11.30కి షినగావాలో ఇంకొకటి, 2 గంటలకు మళ్ళీ సదస్సు. బుధవారం మధ్యాహ్నం వరకు సదస్సు, సాయంత్రం 4 గంటలకు షినగావాలో మరో సమావేశం, రాత్రి హనెడా నుంచి తిరుగు విమానం. రోజూ రాత్రి పడుకునే ముందు నివేదిక పంపాలని మా మేనేజరు షరతు. ఇందులో ఊపిరి పీల్చుకునే వీలుందా? ఊరు కొంచెమైనా చూడగలనా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ పట్టికను రెండుసార్లు చదివాను. ఎక్కడెక్కడ ఉండాలో అందులో ఉంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళతారన్నది లేదు. ఉద్యోగ జీవితమంతా ఇతరుల ప్రయాణాలు ఖరారు చేసే కుర్చీలో కూర్చున్నదాన్ని కనుక, ఇలాంటి పట్టిక ఎవరు వేస్తారో నాకు తెలుసు. మ్యాప్‌లో 'తొమ్మిది నిమిషాలు' అని కనబడగానే తొమ్మిది నిమిషాలే అనుకునేవారు వేస్తారు. టోక్యోలో రైళ్ళు ఆలస్యం చేయవు, నిజమే. మనిషిని ఆలస్యం చేసేవి స్టేషన్లు. షింజుకులో బయటికి వెళ్ళే దారులే 200కు పైగా ఉన్నాయి. తప్పు దారిలో బయటపడితే, మీ హోటల్ కళ్ళ ముందే కనిపిస్తూ పావుగంట నడిపిస్తుంది.

ముందు సోమవారం సంగతి. నరిటా పేరుకు టోక్యో విమానాశ్రయమే కానీ నగర కేంద్రానికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ ముగించుకుని బయటికి వచ్చేసరికి 9.30 అవుతుందనుకోండి. బయలుదేరే ముందే జపాన్ ప్రభుత్వపు 'విజిట్ జపాన్ వెబ్'లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ తీసి పెట్టుకుంటే అక్కడ కాగితాలు నింపే పని తప్పుతుంది. అక్కడి నుంచి షింజుకు వెళ్ళి, సామాను పెట్టి, ముస్తాబై బిగ్ సైట్‌కు రావాలని మీ ఆలోచన అయ్యుంటుంది. వద్దు. హోటల్‌కు వెళ్ళినా మధ్యాహ్నం 3 గంటల లోపు గది ఇవ్వడం అరుదు. గంటన్నర ప్రయాణం చేసి లాబీలో నిలబడడానికి వెళ్ళడం దేనికి?

విమానాశ్రయంలోనే సామాను చేరవేసే సంస్థల కౌంటర్లు ఉంటాయి. పెద్ద సూట్‌కేసును అక్కడ అప్పగించి హోటల్ చిరునామా ఇవ్వండి. సాధారణంగా మరుసటి రోజుకు చేరుతుంది కాబట్టి ఒక రాత్రికి కావలసిన బట్టలు, మందులు, ఛార్జర్లు చేతి సంచిలో ఉంచుకోండి. నరిటాలో డబ్బు కట్టి స్నానం చేసే గదులు ఉన్నాయి. అక్కడే బట్టలు మార్చుకుని నేరుగా సదస్సుకు బయలుదేరండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఫోనులోని మ్యాప్ మిమ్మల్ని టోక్యో స్టేషన్‌లో దించి, 'అదే స్టేషన్‌లో' కేయో లైను ఎక్కమని చెప్పవచ్చు. అదే స్టేషన్ అన్న మాట అబద్ధం కాదు. కానీ కేయో లైను ప్లాట్‌ఫారాలు మిగతా వాటికి ఎంత దూరమంటే, అలవాటున్న వాళ్ళకే పది నిమిషాలకు పైగా పడుతుంది. చేతిలో సంచి, కాళ్ళకు కొత్త బూట్లు ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నరిటా ఎక్స్‌ప్రెస్‌లో షినగావా వరకు వెళ్ళండి, గంటా పది నిమిషాలు అటూ ఇటూ. అక్కడ యమనోతె లైను ఎక్కి ఒకే ఒక్క స్టేషను దాటితే ఒసాకి. అక్కడి నుంచి రింకాయ్ లైనులో కొకుసాయ్-తెన్‌జిజో స్టేషన్‌కు వెళితే, బిగ్ సైట్ ఏడెనిమిది నిమిషాల నడక. అంతా సవ్యంగా జరిగితే 12 గంటలకు చేరతారు. అయితే బిగ్ సైట్ చేరడమూ మీ గదికి చేరడమూ ఒకటి కాదు. తూర్పు హాళ్ళు, పడమటి హాళ్ళు, దక్షిణ హాళ్ళు వేర్వేరు. తలకిందులుగా పెట్టిన పిరమిడ్లలా కనిపించే భవనంలో సమావేశ గదులు. మీ ప్రజెంటేషన్ ఎక్కడో ఉత్తరంలో రాయలేదు. నిర్వాహకులను హాలు పేరు అడిగి ముందే రాసుకోండి. బ్యాడ్జీ తీసుకునే వరుసకు అరగంట వదలండి. విమానం గంటన్నర ఆలస్యమైతే ఈ లెక్కంతా గాలికి పోతుంది. అందుకని ఆదివారమే చేరేలా టికెట్ మార్చమని అడగండి. ఒక రాత్రి హోటల్ ఖర్చు ఎక్కువని మేనేజరు అంటే, ప్రజెంటేషన్ సమయానికి మీరు రైల్లో ఉంటే అయ్యే ఖర్చెంతో ఆయననే లెక్క వేయమనండి.

షింజుకు హోటల్‌ను మాత్రం మార్చవద్దు. మీ స్నేహితులు మ్యాప్‌లో దూరం చూసి భయపడ్డారు. షింజుకు నుంచి సైక్యో లైను రైళ్ళలో కొన్ని ఒసాకి దగ్గర ఆగిపోకుండా రింకాయ్ లైనులోకి సాగిపోతాయి. షిన్-కిబా వెళ్ళే రైలు చూసి ఎక్కితే మారకుండా అరగంట లోపే కొకుసాయ్-తెన్‌జిజోలో దిగుతారు. అయితే ఉదయం ఆ లైనులో నిలబడడానికి కూడా చోటు దొరకదు. సంచిని వీపు మీద కాక ముందుకు వేసుకోండి. ఫోను మోగితే ఎత్తకండి. అక్కడ రైల్లో ఎవరూ ఫోనులో మాట్లాడరు.

ఇక మంగళవారం. మరునౌచి నుంచి, అంటే టోక్యో స్టేషన్ నుంచి షినగావాకు రైల్లో పది నిమిషాలే. ఆ ధైర్యంతోనే 10కి ఒకటి, 11.30కి ఒకటి పెట్టారు. ఒక జపాన్ సంస్థలో సమావేశం ఎలా ముగుస్తుందో పట్టిక వేసినవారు చూసి ఉండరు. 'సరే, వెళ్ళొస్తాం' అని లేచి రావడం ఉండదు. లిఫ్టు దాకా వచ్చి, తలుపులు మూసుకునేదాకా వంగి నమస్కరిస్తూ నిలబడతారు. కింద రిసెప్షన్‌లో సందర్శకుల కార్డు తిరిగి ఇవ్వాలి. వీధి, స్టేషను, ప్లాట్‌ఫారం, రైలు, మళ్ళీ ఇంకో భవనం, ఇంకో రిసెప్షన్, ఇంకో కార్డు. తలుపు నుంచి తలుపుకు 50 నిమిషాలు వేసుకోవాలి. పైగా అవతలివారు మీరు అయిదు నిమిషాలు ముందుగా రావాలని ఆశిస్తారు. అరగంట ముందు వెళ్ళినా వాళ్ళకు ఇబ్బందే.

ఇంతకూ బుధవారం 4 గంటలకు మీరు ఎలాగూ షినగావా వెళుతున్నారు కదా! ఒకే పేటలోని రెండు పనులను రెండు వేర్వేరు రోజుల్లో పెట్టిన మహానుభావులెవరో కానీ, ఆ రెండింటినీ కలిపేయండి. సదస్సులో చివరి గంట వదులుకుని, బుధవారం 2.30కి ఒకటి, 4కి ఒకటి. ఇప్పుడే రాసి అడిగితే సర్దుకుంటారు. అదే రోజు ఫోను చేసి మార్చమంటే మొహమాటానికి ఒప్పుకున్నా మనసులో పెట్టుకుంటారు. మంగళవారం మరునౌచి పని 11 తర్వాత ముగిస్తే, సదస్సుకు వెళ్ళేలోపు దాదాపు రెండు గంటలు మీవి. టోక్యో స్టేషన్ ఎర్ర ఇటుకల భవనాన్ని ఒకసారి తలెత్తి చూడండి. తత్సునో కింగో రూపకల్పనలో 1914లో కట్టినది. 1945 బాంబు దాడుల్లో గుమ్మటాలు కాలిపోయాయి. మళ్ళీ పాత రూపానికి తెచ్చింది 2012లోనే. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే చక్రవర్తి నివాసం చుట్టూ ఉన్న కందకం. ఒక బెంచీ మీద కూర్చుని భోజనం చేయండి. ఆ గంటలో ఇంకో సమావేశం ఇరికించమని ఎవరైనా అంటే వినవద్దు. సదస్సుల్లో పనికొచ్చే సంభాషణలు వేదిక ముందు కంటే కాఫీ దగ్గర ఎక్కువ జరుగుతాయి, అలసిపోయిన మనిషి కాఫీ దగ్గర కూడా ఫోనే చూసుకుంటూ ఉంటుంది.

మీ హోటల్‌కు దగ్గర్లోనే టోక్యో మహానగర ప్రభుత్వ భవనం ఉంది. కెంజో టాంగే కట్టిన జంట శిఖరాల భవనం. 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున, ఊరంతా చూసే వేదిక ఉంది. ప్రవేశం ఉచితం. రాత్రి భోజనం అయ్యాక కూడా వెళ్ళవచ్చు. టికెట్ కొని ఎక్కే శిఖరాలు ఊళ్ళో ఇంకా ఉన్నాయి కానీ, సదస్సుకు వచ్చిన మనిషికి ఇది చాలు. బుధవారం బిగ్ సైట్ నుంచి షినగావాకు వెళ్ళేటప్పుడు దగ్గరి దారి వదిలి యురికమోమె ఎక్కండి. డ్రైవరు లేని రైలు కాబట్టి ముందు సీటు దొరికితే అద్దంలోంచి సముద్రం, రెయిన్‌బో వంతెన అన్నీ మీవే. షింబాషికి 22 నిమిషాలు, అక్కడి నుంచి టోకైడో లైనులో తర్వాతి స్టేషనే షినగావా. విడిగా సమయం తీయకుండా ఊరు చూడడమంటే ఇదే.

బుధవారం సూట్‌కేసును వెంట ఈడ్చుకుని తిరగకండి. మంగళవారం అది హోటల్‌కు చేరగానే రిసెప్షన్‌లో అడిగి, విమానం సమయానికి అందుతుందంటే హనెడా విమానాశ్రయానికి పంపించేయండి. కౌంటర్‌లో తీసుకోవచ్చు. మీ విమానం ఏ టెర్మినల్ నుంచో చూసి మరీ రాయించండి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా మూడో టెర్మినల్ నుంచే ఉన్నా, కొన్ని రెండో దాని నుంచి బయలుదేరతాయి. షినగావా నుంచి కేక్యు లైనులో హనెడాకు పావుగంట, అంతే.

నివేదిక గురించి. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మీరు రాత్రి 11 గంటలకు రాసి పంపితే మీ మేనేజరుకు 7.30. ఆయన మెలకువగా ఉంటారు, చదువుతారు, తిరిగి ప్రశ్నలు వేస్తారు, మీకు 1 గంట అవుతుంది. నిద్రపోండి. ఉదయం 7 గంటలకు లేచి రాయండి. ఆయనకు అప్పుడు తెల్లవారుజాము 3.30. లేచేసరికి నివేదిక సిద్ధంగా ఉంటుంది, ఆయన ప్రశ్నలు వేసే సమయానికి మీరు సమావేశంలో ఉంటారు. మూడున్నర గంటలు చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, తూర్పుకు వెళ్ళినప్పుడు శరీరం తొందరగా సర్దుకోదు. అక్కడి ఉదయం 9 గంటల ఉపన్యాసం మీ ఒంటికి 5.30. మొదటి రెండు ఉదయాలు కాసేపు ఎండలో నడవండి, సాయంత్రం కాఫీ మానండి.

ప్రశ్న: మేడమ్, ఇప్పుడు అందరూ ఫోనులో క్యూఆర్ కోడ్ చూపి వివరాలు పంచుకుంటున్నారు కదా. జపాన్ వెళ్ళడానికి విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాలా? చెట్లను నరకడం నాకు ఇష్టం లేదు.
– ఒక యువ పారిశ్రామికవేత్త

జవాబు: వేయించండి బాబూ. చెట్ల మీద ప్రేమ ఉంటే సదస్సులో పంచే మూడు కిలోల కరపత్రాలు తీసుకోకుండా ఉండండి. జపాన్‌లో కార్డు ఇచ్చిపుచ్చుకోవడమే పరిచయం. కూర్చున్న తర్వాత కాదు, ముందు. ముందుగా రెండు వైపులా పెద్ద హోదా వారు. లేచి నిలబడి, అక్షరాలు అవతలి వారికి సూటిగా కనిపించేలా, రెండు చేతులతో ఇవ్వండి. అలాగే రెండు చేతులతో తీసుకోండి. తీసుకున్నాక ఒక్క క్షణమైనా చదవండి. సమావేశం జరుగుతున్నంతసేపూ బల్ల మీద, ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆ వరుసలో పేర్చుకోండి. పేర్లు గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. వాళ్ళ ఎదుటే కార్డు మీద పెన్నుతో రాయడం, ప్యాంటు వెనుక జేబులో పెట్టి దాని మీద కూర్చోవడం, ఈ రెండూ చేయకండి. కార్డులకు చిన్న పెట్టె ఒకటి కొనుక్కోండి, పర్సులో నలిగిన కార్డు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం నయం. వెనుక వైపు జపనీస్‌లో అచ్చు వేయిస్తే ఇంకా మంచిది, భాష బాగా తెలిసినవారితో సరిచూపించిన తర్వాత. ప్రదర్శనలో స్టాల్ పెడుతున్నారంటే మీ అంచనాకు రెట్టింపు తీసుకెళ్ళండి. క్యూఆర్ కోడ్‌ను ఆ కార్డు మూలనే అచ్చు వేయించుకోండి, మీ ముచ్చటా తీరుతుంది.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని. గుడ్డు కూడా తినను. సదస్సులో భోజనం వాళ్ళే పెడతారట. ధైర్యంగా తినవచ్చా?
– ఒక ప్రొఫెసర్ గారు

జవాబు: ధైర్యం కాదండీ, ముందుచూపు కావాలి. మాంసం ముక్క కనబడని వంటకంలో కూడా దాషి ఉంటుంది. అది చాలావరకు ఎండబెట్టిన బొనీతో చేపతో కాచే రసం. మిసో సూపులో, నూడుల్స్ రసంలో, ఉడికించిన కూరగాయల్లో కూడా అదే. 'మాంసం తినను' అని చెబితే వాళ్ళు నిజాయితీగా మాంసం తీసేసి చేప రసంలో ఉడికిన ముల్లంగి పెడతారు. నిర్వాహకులకు రెండు వారాల ముందే ఈమెయిల్‌లో మాంసం, చేప, గుడ్డు, చేపతో కాచిన రసం, ఇవేవీ వద్దని విడివిడిగా రాయండి. అదే మాటను జపనీస్‌లో రాయించి ఒక కాగితం జేబులో ఉంచుకోండి. ప్రతి వీధి మలుపులోనూ ఉండే చిన్న దుకాణాల్లో అన్నం ముద్దలు, ఓనిగిరి, అమ్ముతారు. లోపల ఉమెబోషి అనే పులుపూ ఉప్పూ కలిసిన పండు పెట్టినవి మీకు పనికి రావచ్చు. అయినా పొట్లం మీది జాబితాను ఫోను కెమెరాతో అనువాదం చేసి చూసుకోండి. సాయంత్రం తీరిక దొరికితే బౌద్ధ ఆలయాల సంప్రదాయంలోని షోజిన్ ర్యోరి భోజనం వెతకండి. మాంసం, చేప లేకుండా వండడంలో వాళ్ళకు శతాబ్దాల అనుభవం ఉంది. ఖరీదు ఎక్కువే. సంస్థ డబ్బు కదా, ఒకసారికి పర్వాలేదు.

ప్రశ్న: ప్రయాణంలో నాకు జలుబు ఖాయం. మందులు పట్టుకెళ్ళవచ్చా? ల్యాప్‌టాప్ ప్లగ్గు అక్కడ పడుతుందా?

జవాబు: జలుబు మాత్రల పెట్టె మీద పదార్థాలు చదవండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న మందులు జపాన్‌లోకి తీసుకెళ్ళడం నిషిద్ధం, డాక్టరు చీటీ ఉన్నా సరే. మీరు రోజూ వేసుకునే మామూలు మందులైతే ఒక నెలకు సరిపడా అనుమతి లేకుండా తీసుకెళ్ళవచ్చు. అసలు పెట్టెల్లోనే ఉంచి, చీటీ వెంట పెట్టుకోండి. నిద్రకో, నొప్పికో బలమైన మందులు వాడుతుంటే బయలుదేరే ముందే జపాన్ రాయబార కార్యాలయాన్ని అడగాలి. అక్కడి విద్యుత్తు 100 వోల్టులు, సాకెట్లు రెండు చదునైన పుల్లలవి. మూడు పుల్లల ప్లగ్గు పట్టదు, మార్పిడి ప్లగ్గు కావాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 100–240 అని ఉంటే వోల్టేజీ గురించి చింత లేదు. జుట్టు ఆరబెట్టే యంత్రం ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: సమావేశం తర్వాత క్లయింట్లు రాత్రి విందుకు పిలుస్తారని విన్నాను. నేను మద్యం తాగను. వెళ్ళకపోతే తప్పుగా అనుకుంటారా?
– సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసే పాఠకుడు

జవాబు: వెళ్ళండి, తాగకండి. ఊలాంగ్ టీ అడగండి, ఎవరూ వింతగా చూడరు. మొదటి గ్లాసు ఎత్తి అందరూ కలిసి 'కంపాయ్' అనేదాకా ఆగండి, గ్లాసులో ఏముందన్నది ముఖ్యం కాదు. పక్కవారి గ్లాసు ఖాళీ అయితే మీరు నింపండి, మీది వాళ్ళు నింపుతారు. పగలు గదిలో నోరు విప్పని మనిషి ఇక్కడ ధర దగ్గర ఇబ్బంది ఏమిటో చెప్పేస్తాడు. అందుకే వెళ్ళమంటున్నాను. మొదటి చోటు అయ్యాక రెండో చోటికి పదమంటారు. అక్కడ సెలవు తీసుకోవచ్చు, రేపు ఉదయం ఉపన్యాసం ఉందంటే చాలు. అర్ధరాత్రి ప్రాంతంలో రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామునే. మీ హోటల్ వైపు ఆఖరి రైలు ఎప్పుడో విందు మొదలయ్యే ముందే చూసుకోండి. అది తప్పితే టాక్సీయే గతి. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు 20 శాతం అదనం. టాక్సీ వెనుక తలుపును డ్రైవరే మీట నొక్కి తెరుస్తాడు, మీరు లాగవద్దు. టిప్పు ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేస్తారు.

ప్రశ్న: మా అకౌంట్స్ విభాగం ప్రతి పైసాకు రశీదు అడుగుతుంది. టోక్యో మెట్రోలో రశీదులు ఎక్కడ తీసుకోవాలి?

జవాబు: రైలు కార్డు, అంటే సుయికా లాంటిది వాడితే, ఏ రోజు ఏ స్టేషన్ నుంచి ఎక్కడికి వెళ్ళారో ఆ జాబితాను టికెట్ యంత్రంలోనే అచ్చు తీసుకోవచ్చు. భాషను ఇంగ్లీషుకు మార్చుకోండి. తిరుగు ప్రయాణానికి ముందే తీయండి, విమానం ఎక్కాక గుర్తొస్తే లాభం లేదు. టాక్సీలో, దుకాణంలో యంత్రమే రశీదు ఇస్తుంది. హోటల్లోనూ భోజనశాలలోనూ సంస్థ పేరు మీద కావాలంటే 'ర్యోషూషో' అని అడిగి, విజిటింగ్ కార్డు చూపండి. ఆ పేరు చూసి రాసిస్తారు. వెండింగ్ యంత్రంలో కొన్న కాఫీకి మాత్రం రశీదు ఆశించకండి. అది మీ ఖాతాలోనే.